విశాఖమండలమున పోలీసుల యేకీకరణము

ఇంట దొంగతనము జరిగినప్పుడు గృహస్థుడు ఎవ్వరితో మొఱపెట్టుకొనవలెనను ప్రశ్నకు నేడు జవాబు సులభము. వీధి మొగదల ఠాణా యున్నది. అందొక అధికారి యున్నాడు. మన మాట వ్రాసికొనుట కొక పుస్తకమున్నది. ఆ మాట వ్రాయుదురా, వ్రాసిన పిమ్మట కదలుదురా యనునది వేఱు సంగతి. కాని రెండువందల యేండ్ల క్రిందట విశాఖపట్టణమండలమున ఈ ప్రశ్నకు ఊరూర వేఱువేఱు జవాబులుండెను. విజయనగర సంస్థానపు గ్రామమున కాపురమున్నవాడు జమీందారుని మొఖాసాదారు వాకిటికి పోవలెను. పల్లెలో పశువు పోయిన రైతు తలారిని పిలిచి జాడ తీయింపవలెను. గొలుగొండ కొండలలోనివానికి ముఠాదారుడే రాజు, ముఠాదారుడే న్యాయాధిపతి. పట్టణమున కోటదాపున నున్నవారికి కుంఫిణీవారి భటులు దిక్కు. ఈ పలువురు కాపరులను ప్రక్కకు త్రోసి, చెన్నరాజధాని కంతటికిని ఒక్కటే పోలీసును నిలిపిన కథ 1859వ సంవత్సరమున మొదలైనది. మన బాలురు చదువు చరిత్రలలో బొబ్బిలియుద్ధమున్నది, పద్మనాభయుద్ధమున్నది. వీధి మొగదలనున్న ఠాణా ఎక్కడనుండి వచ్చెనో ఆ పుస్తకములు చెప్పవు.

ఈ విషయము నిప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. మన రాజ్యాంగము పోలీసును రాష్ట్రముల యధికారమునం దుంచినది. అయినను దేశమంతటికిని ఒక్కటే పోలీసు ఉండిన బాగుండునను మాట అప్పుడప్పుడు వినవచ్చుచునే యున్నది. 2022 అక్టోబరు నెలలో రాష్ట్రముల హోంమంత్రుల సమావేశమున, దేశములోని పోలీసులందఱికిని ఒక్కటే యుడుపు ఉండుటను గూర్చి యోచింపుడని ప్రధానమంత్రి సూచించిరి. ఉడుపు ఒక్కటియైనంతమాత్రమున దళము ఒక్కటి కాదు, నిజమే. కాని యట్టి కోరికల వెనుకనున్న నమ్మిక పాతది: పలువురి చేతులలోనున్న కఱ్ఱను ఒక్కచేతి కిచ్చినచో న్యాయము తానై వచ్చునని. ఈ నమ్మికను మన మండలము నూట అఱువది యేండ్లకు పూర్వమే అనుభవించి చూచినది. ఆ యనుభవమున ఏమి తేలెనో చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

తొలుత పాతకాపలాను గూర్చి కొన్ని మాటలు. ఆ కాలమును స్వర్ణయుగమని పొగడువారు మనలో కొందఱు కలరు; మేము ఆ పక్షమువారము కాము. జమీందారు తన యేలుబడిలో దొంగలను పట్టవలెననియు, బాటసారులను కాపాడవలెననియు నియమముండెను. అందుకై యాతడు మొఖాసాలిచ్చి బంట్లను పోషించెడివాడు. ఆ బంట్లే అప్పన్ను వసూలుచేసెడివారు, ఆ బంట్లే ప్రక్క జమీందారుమీదికి దండెత్తెడివారు. విజయనగరప్రభువున కున్న యట్టి బలమును జూచి బెదరిన కుంఫిణీవారు సైన్యమును తగ్గింపుమని, పేష్కషు బకాయిలు చెల్లింపుమని విజయరామరాజును నిర్బంధించిరి. ఆ తగవు 1794 జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద ఆయన ప్రాణములతో ముగిసెను. 1802లో శాశ్వతపు శిస్తు ఏర్పాటు వచ్చినప్పుడు జమీందారులకు భూమిమీది హక్కు స్థిరపడినది. పోలీసధికారము మాత్రము చేజాఱినది.

జాఱినదానిని ఎవ్వరు పట్టుకొనవలెను? కుంఫిణీవారు మొదట వంగదేశపు మాదిరిని దారోగాలను నియమించిరి. అది పొసగలేదు. పిమ్మట సర్ తామస్ మన్రోదొర యోచనను బట్టి 1816లో 11వ రెగ్యులేషను పుట్టెను. దారోగాలు పోయిరి. గ్రామమున మునసబు, తాలూకాలో తహశ్శీలుదారు, జిల్లాలో కలెక్టరు పోలీసునకు పెద్దలైరి. ఊరివారిచేతనే ఊరిని కాపాడింపవలెనను మన్రోదొర తలంపు మంచిదే. అయితే ఆయన గమనింపనిది, గమనించియు లక్ష్యపెట్టనిది, యొకటి కలదు. తహశ్శీలుదారునకు శిస్తు వసూలే ప్రాణము. శిస్తు తగ్గినచో ఉద్యోగము పోవును; దొంగ దొరకకున్న పోయెడిదేమియు లేదు. అట్టివాని చేతికి కఱ్ఱ నిచ్చిన ఆ కఱ్ఱ ఎవ్వరి వీపుమీద పడునో వేఱుగ చెప్పనేల?

ఇచ్చట ఒక చిన్నమాట జ్ఞప్తికి వచ్చుచున్నది. ఇప్పుడు మనము కచేరీలలోని గుమాస్తాలను సిబ్బంది యనుచున్నాము. ఆ కాలమున సిబ్బంది యనగా పన్ను వసూలునకును ఊరికాపలాకును ఉంచుకొన్న సగము సైనికులు. కాసు అడుగువాడును దొంగను పట్టువాడును ఒక్కడేయైన కాలమునకు ఈ మాటయే సాక్షి.

రోగము 1855లో బయటపడెను. చెన్నరాజధానిలో పన్నుకొఱకు ప్రజలను హింసించుచున్నారని ఇంగ్లండులో పార్లమెంటుసభలో గోల పుట్టగా, ముగ్గురు సభ్యులతో నొక విచారణసంఘము నియమింపబడెను. వారికి 1,959 ఫిర్యాదులు వచ్చెను. రైలు లేదు, బస్సు లేదు. ఎద్దుబండ్లమీదను కాలినడకను దూరదేశములనుండి వచ్చి, తమ్ము హింసించిన యధికారిమీదనే చెప్పుకొనుటకు సాహసించినవారి సంఖ్య ఇది. వ్రేళ్లను చెక్కబద్దల నడుమ నుంచి నొక్కు కిట్టి యను పనిముట్టు, మనుష్యుని వంచి మెడను కాళ్లను త్రాటితో బిగించి యెండలో నిలుపు శిక్ష, ఇట్టివానిని ఆ సంఘమువారు వరుసగా వ్రాసిరి. శిస్తు బాకీపడిన రైతునకును దొంగయని యనుమానము తగిలినవానికిని పనిముట్లవే. శిస్తును పోలీసును ఒకేచేతినుండి విడదీయనిదే యిది మానదని సంఘమువారు తేల్చిరి. పరప్రభుత్వమువారు తమ యేలుబడిలోని పాపమును తామే అచ్చువేయించిరనుట వారికి గౌరవమే. కాని ఆ తప్పు నంతయు నేటివు గుమాస్తాలమీదనే త్రోసి, శిస్తు నంతగా పెంచిన దొరలమాట యెత్తకుండుట వారి చతురత.

ఈ నివేదికకు ఫలముగా వచ్చినది 1859వ సంవత్సరపు 24వ చట్టము. దానిని నడిపించుటకు ఏర్పడినవాడు విలియము రాబిన్సను. ఇతడే తరువాత 1875లో కొన్ని మాసములు చెన్నపురికి గవర్నరుగ నుండెను. గంజామునుండి తిరునెల్వేలివఱకు నుండిన బంట్రోతులు, కట్టుబడి జవానులు, సిబ్బందీలు మొదలగువారిని తొలగించియో కలుపుకొనియో ఒక్కటే దళము నిలిపిరి. పైన ఇనస్పెక్టరు జనరలు, జిల్లాకొక సూపరింటెండెంటు, క్రింద ఇనస్పెక్టరులు, హెడ్డుకనిస్టేబులులు, కనిస్టేబులులు. అందఱికి నెలజీతము, అందఱికి ఉడుపు, అందఱికి కవాతు. ఈ మెట్లవరుస నేటికిని పెద్దగా మాఱలేదు. ఆ చట్టమే ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాతను ఆంధ్రప్రాంత జిల్లా పోలీసు చట్టమను పేరుతో నిలిచినది.

ఈ దళమునకు మాదిరి ఎక్కడిది? లండనులో 1829లో ఏర్పడిన నగరపోలీసు ఒకటి కలదు. కాని మనకు వచ్చినది ముఖ్యముగా ఐర్లండునుండి. ఆ ద్వీపమున 1836లో జిల్లాల దళములను గలిపి ప్రభుత్వము చెప్పుచేతలలో నొక్కటే కాన్‌స్టాబ్యులరీని చేసిరి. వారు బ్యారకులలో నివసింతురు, తుపాకులు పట్టుదురు, సొంత జిల్లాలో ఎన్నడును పని చేయరు. సింధుదేశమును జయించిన నేపియరు 1843లో దానినే అచ్చట నాటెను. మన దేశమున పోలీసు పుట్టుకను తెలిసికొనగోరువారు ఈ భేదమును గమనింపవలెను: ఇంగ్లండులో ఇంగ్లీషువారు తమకొఱకు ఏర్పఱచుకొన్నది వేఱు, తమకు లోబడిన యైరిషువారికొఱకు ఏర్పఱచినది వేఱు. మనకు పంపినది రెండవది.

దీనివలన మేలు లేదనము. పల్లపు తాలూకాలలో, అనకాపల్లిలో గాని శ్రీకాకుళమున గాని, తహశ్శీలుదారు కచేరీలో శిస్తుబాకీదారుని వ్రేళ్లు నొక్కు కాలము క్రమముగా గతించినది. జీతగాడైన కనిస్టేబులు జమీందారుని యుప్పు తినడు గనుక, జమీందారుని మనుష్యులమీద కూడ ఫిర్యాదు వ్రాయుట సాధ్యమైనది. పూర్వము సాధ్యమే కాదు. కాని చట్టము పల్లెను సగము మఱచినది. తలారి మునసబు చేతిక్రిందనే మిగిలెను. కనిస్టేబులు ఠాణాలో కూర్చుండెను. తలారికి దొంగ తెలియును, అధికారము లేదు. కనిస్టేబులునకు అధికారము కలదు, దొంగ తెలియడు. తెలిసికొనవలెనన్న తలారిని బెదరింపవలెను, లేదా దొరికినవానిచేత నొప్పింపవలెను. 1902-03లో ఫ్రేజరు అధ్యక్షతను కూర్చున్న పోలీసు కమీషను దేశమంతట తిరిగి చూచి, పోలీసు అసమర్థమనియు లంచగొండియనియు ప్రజలు నమ్ముచున్నారని వ్రాసెను. సబిన్‌స్పెక్టరులును నేరపరిశోధక శాఖయు అప్పటి సూచనలే. 1855లో కచేరీలో చూచిన హింస ఠాణాకు నివాసము మార్చుకొన్నదని కమీషనువారు ఆ మాటలలో చెప్పలేదు గాని, సారాంశమదియే.

పల్లమున ఇట్లుండగా మన్యమున జరిగినది వేఱు. మా యభిప్రాయమున ఈ చరిత్రమున కదియే గుండెకాయ.

విశాఖమండలపు కొండలకు 1839లోనే వేఱు చట్టము వచ్చినది. పర్లాకిమిడి, పాలకొండ మొదలగు తావుల తిరుగుబాటులను విచారించుటకు వచ్చిన రస్సెలుదొర సలహాపై, ఆ ప్రాంతములనుండి సామాన్య న్యాయస్థానముల యధికారమును తొలగించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగ చేసి, సర్వమును ఆయనకే యప్పగించిరి. ఏజెన్సీ యను పేరు అప్పటిది. అనగా కొండవానికి వకీలు లేడు, జిల్లాకోర్టు లేదు, అప్పీలు దారి ఇఱుకు. ఇట్టి చోటికి 1859 తరువాత క్రొత్త పోలీసు వచ్చినది. న్యాయస్థానము కొండదిగువనే నిలిచిపోగా ఠాణా మాత్రము కనుమ యెక్కినది.

1863లో జయపురమున ఏజెంటునకు సహాయాధికారిని, పోలీసును నిలిపిరి. మఱుసటియేడే ఫలము కనబడెను. గుణుపురము తాలూకాలో (ఆ తాలూకా అప్పుడు మన మండలములోనిది, 1936 తరువాత ఒరిస్సాలో చేరినది) పొట్టసింగి యను చోట సవరల పెద్ద నొకనిని పోలీసులు అక్రమముగ పట్టుకొనిరి. అక్రమమని చెప్పుచున్నది మేము కాదు. ప్రభుత్వమువారి గెజెటీరే యట్లు ఒప్పుకొన్నది. అట్టి యక్రమము జరిగినచో అనకాపల్లి రైతు వకీలువద్దకు పోవును. సవర యెవ్వరివద్దకు పోవలెను? వారు కూడివచ్చి తమ పెద్దను విడిపించుకొనిరి, ఇనస్పెక్టరును నలుగురు కనిస్టేబులులను చంపిరి, ఠాణాను కాల్చిరి. పిమ్మట ఇరువదినలుగురు పట్టుబడిరి. తొమ్మండ్రకు యావజ్జీవ ద్వీపాంతరము. ఐదుగురిని పొట్టసింగికి పోవు కనుమ మొదట అందఱును చూచునట్లు ఉరిదీసిరి. పట్టియిచ్చుటకు తోడ్పడిన జయపురపురాజునకు ప్రభుత్వమువారు తుపాకి బహుమానమిచ్చిరి. 1865లో మరల ఠాణా నిలుపబోయిన పోలీసులమీద సవరలు కాల్పులు జరుపగా వారు వెనుదిరిగిరి. 1866 జనవరిలో పెద్దదళముతో వచ్చి ఠాణాను స్థాపించిరి. ఇందఱు చచ్చిన పిమ్మట ఆ మొదటి యరెస్టు అక్రమమని వ్రాసిపెట్టుట యెవ్వరికి ఉపయోగము? మొఱ వినువాడు దగ్గఱ నొక్కడుండిన, ఒక్క సంతకముతో పోవలసిన తప్పు అది.

ఏకీకరణము తప్పని మేము చెప్పము. ఠాణాను దగ్గఱచేసి, ఠాణామీద మొఱ వినువానిని దూరముగ నుంచుటయే తప్పు. ఈ యొక్కమాటను పట్టుకొని తరువాతి యరువది యేండ్ల మన్యపు చరిత్రము చదివిన చాలవఱకు బోధపడును.

1879లో రంపదేశమున ఫితూరీ లేచెను. దానికి మన్సబుదారుని దోపిడి ఒక కారణము. కొండవారు తమ యింటికొఱకు గీచుకొను కల్లుమీద పన్ను మఱొకటి. పోలీసుల యక్రమవసూళ్లు మూడవది. ఈ మూడింటిలో మన్సబుదారుడు ఆ దేశపువాడే యనుట మఱువరాదు. స్థానికుడైన పెత్తందారు కరుణామయుడనుట కల్ల. కాని పూర్వము మన్సబుదారు మితిమీఱినచో కొండవారు తిరుగబడగలిగెడివారు, ఆతడును వెఱచెడివాడు. ఇప్పుడాతనికి వెనుక ప్రభుత్వపు ఠాణా నిలిచెను. తిరుగుబాటు ఠాణాలమీదనే మొదలగుటలో వింత యేమున్నది? ఏప్రిలునాటికి అది మన గొలుగొండ కొండలకు ప్రాకెను. అడ్డతీగెల ఠాణాను ద్వారబంధాల చంద్రయ్య కాల్చెను. పోలీసుల వలన కాక చెన్నపురి పదాతిదళములను రప్పింపవలసివచ్చెను. 1880లో చంద్రయ్యయు కారము తమ్మనదొరయు హతులైరి. విచారణకు వచ్చిన సల్లివనుదొర కొండవారి కష్టములు నిజమేనని చెప్పెను. మన్సబుదారుని తొలగించిరి. ఠాణాలు నిలిచెను.

1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలలో ప్రవేశించి 26 తుపాకులును 2,500లకు పైగా తూటాలును తీసికొనెను. తీసికొన్నవానిని ఠాణా పుస్తకమునందే వ్రాసి సంతకము చేసెనని ఇప్పటికిని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. మొఱ వ్రాయని పుస్తకమున తుపాకుల లెక్క వ్రాయబడినదన్నమాట. ఆయన కుడిభుజమైన గాము గంటముదొర బట్టిపనుకుల మునసబుగ నుండి ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు. ఊరికాపలా చేయవలసినవాడే ఠాణామీదికి నడచినాడు. ఒక్కటే దళమగుటవలన ప్రభుత్వమునకు కలిగిన సౌకర్యమప్పుడు స్పష్టమయ్యెను: 1921లో మాపిళ్లల తిరుగుబాటునకై మలబారున క్రొత్తగా చేర్చిన ప్రత్యేకపోలీసును తెచ్చి మన యడవులలో దింపిరి. వారిది మలయాళము, ఈ కొండలలో తెలుగు, కొండభాషలు. కాలిబాట యడుగుటకైన మాట కలియదు. 1924లో అస్సాము రైఫిళ్లు వచ్చెను. మే 7వ తేదీన కొయ్యూరువద్ద రాజును కాల్చిచంపిరి.

ఇందొక యాదృచ్ఛికము. మన పోలీసునకు మాదిరియైన ఐర్లండు కాన్‌స్టాబ్యులరీ కూడ ఆ 1922 ఆగష్టు నెలాఖరుననే రద్దయ్యెను. అంతకు మూడేండ్లుగా ఐరిషువారు చేసినదియు ఠాణాలపై దాడియే. రెండుదేశములవారును ఒకరినొకరు చూచి నేర్చుకొనలేదు. ఒకే అచ్చున పోసిన వస్తువు రెండుచోట్లను ఒకేవిధముగ పగిలెనని మాత్రము చెప్పవచ్చును.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట మన పోలీసు మఱి రెండుసార్లు కలిసెను, విడిపోయెను. 1953 అక్టోబరు 1న చెన్నపురి దళమునుండి ఆంధ్రపోలీసు విడిపడెను. 1956 నవంబరు 1న హైదరాబాదు పోలీసుతో కలిసెను. ఆ హైదరాబాదు పోలీసు తానే యొక కూర్పు. జాగీరుల ప్రత్యేకపోలీసు 1949లో జాగీరులు రద్దయినప్పుడు అందు కలిసినది. ఒక్కదళమైన పిమ్మట, ఆ యుద్యోగము లెవ్వరివి యను ప్రశ్న పుట్టెను. 1975లో రాష్ట్రపతి యుత్తరువు స్థానికులకు జోనులు ఏర్పఱచి, హైదరాబాదు నగరపోలీసును మాత్రము ఆ నియమమునుండి మినహాయించినది. 2009లో సుప్రీముకోర్టు ఆ మినహాయింపును సమర్థించిన పిమ్మట తెలంగాణమున రేగిన యలజడి అందఱును ఎఱిగినదే. కనిస్టేబులు ఎక్కడివాడనునది అల్పవిషయమని తలచువారు ఈ నాలుగు వాక్యములను మఱొకసారి చదువుదురుగాక.

పరదేశముల మాట వచ్చినది గనుక స్కాట్లండు సంగతి చెప్పెదము. అది మిగుల క్రొత్తది. 2013 ఏప్రిలు 1న ఆ దేశపు ఎనిమిది ప్రాంతీయ దళములను కలిపి ఒక్కటి చేసిరి. ఖర్చు తగ్గుననిరి. మఱుసటి సంవత్సరమే ఉత్తరపు కొండసీమలలో మామూలు పనులకు సయితము తుపాకి ధరించిన పోలీసులు తిరుగుచున్నారని ప్రజలు గగ్గోలుపెట్టగా అధికారులు వెనుకకు తగ్గిరి. అంతకంటె దుఃఖకరమైనది 2015 జూలైలో జరిగెను. స్టిర్లింగుసమీపమున పెద్దబాట ప్రక్కకు ఒక మోటారుకారు పడిపోయినదని ఒకరు టెలిఫోను చేసిరి. స్థానికముగ నుండిన పిలుపుగది అంతకుముందే మూయబడెను; దూరముగ నున్న పెద్దగదిలో ఆ మాట విన్నవారు దానిని యంత్రమున ఎక్కింపలేదు. కారులోని దంపతులవంటి జంట మూడుదినములు అట్లే పడియుండిరి. వెదకి చూచునప్పటికి పురుషుడు మరణించియుండెను. స్త్రీ పిమ్మట ఆసుపత్రిలో కన్నుమూసెను. 2021లో ఆ పోలీసుశాఖకు న్యాయస్థానము లక్ష పౌనుల జరిమానా విధించెను. సంపన్నదేశము, చదువుకొన్న జనులు, నేటి యంత్రములు; అయినను మొఱ విను చెవి దూరమైనప్పుడు పొట్టసింగిలో వలెనే ప్రాణములు పోయెను.

మరల మన పట్టణమునకు వత్తము. 1933లో రేవు తెఱచినప్పటినుండి విశాఖ పెరిగినది. ఉక్కు కర్మాగారమునకై 1966లో అమృతరావు నిరాహారదీక్ష పూనగా, నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపిరి. రాష్ట్రమంతట ఆ యుద్యమమున 32 మంది బలియైరి. 1971లో శంకుస్థాపనయైన ఆ కర్మాగారపు ద్వారమువద్దను, రేవు ద్వారమువద్దను నేడు కావలియున్నది రాష్ట్రపోలీసు కాదు. 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతాదళము. నగరమునకు 1983నుండి వేఱుగా పోలీసు కమీషనరు కలడు. రైలుస్టేషనులో మఱి రెండు తెగలవారు, సముద్రమున ఇంకొకరు. మత్స్యకారుని వల పోయినచో, ఉక్కుకొఱకు భూమి నిచ్చిన పల్లెవాని పశువు ప్రహరీ దాటినచో, ఎవ్వరి ద్వారము తట్టవలెనో వారికి తెలియదు. 1859లో తీసివేసిన బహుళత్వము నగరమున మఱొక వేషముతో మరలివచ్చినది. అప్పటికంటె ఒక్క విషయమున కష్టము హెచ్చు: మొఖాసాదారు ఇల్లయినను ఊరిలో నుండెడిది.

పల్లెకాపలా కథ ఇంకను విచిత్రము. 1984లో ప్రభుత్వము కరణము మునసబుల యుద్యోగములను రద్దుచేసెను. వారి యాగడములను చూచినవారెవ్వరును కన్నీరు కార్చలేదు, మేమును కార్చము. 1859లో తలారిని మునసబునకు వదలిన చట్టము, నూట ఇరువదియైదేండ్లకు, మునసబు లేని పల్లెను చూచెను. 2019లో గ్రామసచివాలయములు స్థాపించి, ప్రతిచోటను మహిళా సంరక్షణ కార్యదర్శి యను నుద్యోగము కల్పించిరి. 2021లో వారిని మహిళాపోలీసులని ప్రకటించిరి. వారి చదువు వేఱు, శిక్షణ వేఱు, వారు పోలీసులా కారా యను వివాదము న్యాయస్థానమువఱకు పోయెను. అయినను మగడు కొట్టిన యాడది ఠాణామెట్లు ఎక్కనక్కఱలేక, తన యూరిలోనే మఱొక యాడుదానితో చెప్పుకొను వీలొకటి కలిగినది. ఇట్టి యుద్యోగమును కనిస్టేబులు పనికి సహాయమని కాక, మొఱ విను పనియని తీర్చిదిద్దియుండిన ఎంత బాగుండెడిది!

మొఱ వినుటకు మార్గమును సుప్రీముకోర్టు 2006 సెప్టెంబరు 22వ తేదీ తీర్పులోనే చూపినది. ప్రకాశసింగు అను విశ్రాంత పోలీసు అధికారి వేసిన వ్యాజ్యమది. ప్రతి రాష్ట్రమందును, ప్రతి జిల్లాయందును పోలీసులమీది ఫిర్యాదులను వినుటకు ప్రత్యేక ప్రాధికారసంస్థ లుండవలెనని యాజ్ఞాపించిరి. ఉడుపుల రంగును గూర్చి చూపిన యుత్సాహములో నాల్గవవంతు కూడ రాష్ట్రములు దీనిపై చూపలేదు. దేశమంతటికిని ఒక్కటే దళము కావలెననువారిని మేము అడుగునది ఒక్కటే: ఆ దళపు కనిస్టేబులు పాడేరు సంతలో ఒక గిరిజనస్త్రీ బుట్టను కాలితో తన్నినచో, ఆమె ఆ దినముననే, తన భాషలో, ఎవ్వరితో చెప్పుకొనును? ఢిల్లీతోనా?

2022 ఏప్రిలు 4వ తేదీన విశాఖజిల్లాను విభజించి, పాడేరు ముఖ్యస్థానముగ నొక క్రొత్తజిల్లా నేర్పఱచి, దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. 1922లో ఆయన తుపాకులు తీసికొనిపోయిన చింతపల్లి ఆ జిల్లాలోనిదే. నేడు ఆ ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొను కాగితముమీద, జిల్లా యను చోట, ఆయన పేరే యుండును.